చేపని ఒడ్డుకి చేర్చటం: కొంచెం చరిత్ర, కొన్ని సలహాలు

ఏటా ఆగస్టు వచ్చేసరికి సియాటిల్ వైపు నుంచి నాకు ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "మామా, సాల్మన్ సీజన్ వచ్చేసింది, రాడ్ కొన్నా, చేప తగుల్తోంది గానీ ఒడ్డుకి రావట్లేదు, ఏం చెయ్యమంటావ్?" అని. అడిగేవాళ్ళు నాతో ఇంజనీరింగ్ చదివినవాళ్ళో, ఒకప్పుడు ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్నవాళ్ళో. నేనుండేదేమో అబ్దుల్లాపూర్‌మెట్‌లో, విజయవాడ హైవే మీద, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక. ఇక్కణ్ణించి సాల్మన్ ఈదే నది పన్నెండు వేల కిలోమీటర్ల పైమాటే. అయినా నన్నే అడగటానికి రెండు కారణాలున్నాయి. చిన్నప్పుడు మా తాతతో చెరువు గట్టు మీద వెదురు కర్ర పట్టుకుని గంటలకి గంటలు కూర్చున్నవాణ్ణి. తర్వాత ఆన్‌సైట్ పుణ్యమా అని ఒక సీజనంతా స్కైకోమిష్ నదిలో మోకాలి లోతు చన్నీళ్ళలో నిలబడ్డవాణ్ణి.

ఒక్కొక్కడికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకసారి రాసి పడేస్తే లింకు పంపెయ్యొచ్చు కదా అని మొదలుపెట్టాను. పది పాయింట్లు రాసేసి ముగిద్దామనుకున్నా. కానీ ఒక్కో పాయింటు వెనకాలా ఒక కథ ఉంది. ఆ కథల్లో మన నదులున్నాయి, మన ఆనకట్టలున్నాయి, మన ఊళ్ళో వల వేసుకుని బతికేవాళ్ళున్నారు. అవన్నీ వదిలేసి "డ్రాగ్ ఇంత పెట్టు, రాడ్ అంత ఎత్తు" అని మాత్రమే చెప్తే సగమే చెప్పినట్టు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి. తొందరున్నవాళ్ళు మధ్యలోకి దూకెయ్యొచ్చు, సలహాలు అక్కడున్నాయి. చరిత్ర నచ్చేవాళ్ళు మాత్రం ఇక్కణ్ణించే రండి.

గాలంతో చేపలు పట్టటాన్ని ఒక కళగా రాసింది ఇంగ్లీషువాళ్ళేనని చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషులో దీని మీద అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. ఐజాక్ వాల్టన్ రాసిన సుప్రసిద్ధమైన పుస్తకం 1653లో వచ్చింది. వాటికి మూడున్నర శతాబ్దాల ముందే, మన హైదరాబాదుకి మూడు నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఒక రాజుగారు ఆ పని చేసేశారు. కల్యాణి చాళుక్యుడు మూడో సోమేశ్వరుడు. ఆయన పాలించింది 1126 నుంచి 1138 దాకా. ఆ కల్యాణి ఇప్పటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. 1956 దాకా అది కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే. మన ఓరుగల్లు కాకతీయులు అప్పటికింకా ఈ చాళుక్యుల సామంతులు.

సోమేశ్వరుడు సంస్కృతంలో "మానసోల్లాసం" అని ఒక పెద్ద గ్రంథం రాశాడు. రాజ్యం ఎలా సంపాదించాలి, ఎలా నిలబెట్టుకోవాలి అన్నదగ్గర్నించి వంటలు, సంగీతం, ఏనుగులు, ఆటలు దాకా అందులో లేనిది లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పన్నెండో శతాబ్దపు వికీపీడియా. అందులో వినోదాల భాగంలో "మత్స్యవినోదం" అని ఒక అధ్యాయం ఉంది. సముద్రపు చేపలేవి, నదిలో చేపలేవి, పొలుసులున్నవేవి, లేనివేవి, ఏ చేపకి ఏ మేత వెయ్యాలి, కర్ర ఎలా ఉండాలి, దారం ఎలా ఉండాలి, ఇలా వివరంగా రాశాడు. భారత జంతుశాస్త్ర సర్వేకి డైరెక్టరుగా పనిచేసిన సుందర్ లాల్ హోరా 1951లో దీని మీద ఒక వ్యాసం రాసి శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చాడు. చేపల శాస్త్రం తెలిసినాయన కాబట్టి ఆ సంస్కృత పేర్లు ఏ చేపలవో పోల్చే ప్రయత్నం కూడా చేశాడు.

ఇక్కడ నాకు బాగా తట్టిన విషయం ఆ అధ్యాయం పేరే. వినోదం. రాజుగారికి ఆకలెయ్యలేదు. ఆయన వంటింట్లో చేపలకి కొదవ లేదు. చేప గాలానికి తగలటం, లాగటం, అలిసిపోవటం, ఒడ్డుకి రావటం, ఈ ఆట కోసమే నీళ్ళ దగ్గరికి వచ్చాడు. అదే కాలంలో అదే చెరువులో వల వేసుకుని పిల్లల కడుపు నింపుకున్నవాడు మాత్రం ఏ గ్రంథమూ రాయలేదు. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి. కింద మళ్ళీ మళ్ళీ తగుల్తుంది.

తర్వాత వచ్చారు దొరలు. స్కాట్లండులో, ఇంగ్లండులో సాల్మన్ పట్టిన చేతులు ఇక్కడికి కలెక్టర్లుగా, సైనికాధికారులుగా వచ్చాయి. వచ్చీ రాగానే వెతుక్కున్నారు, ఇక్కడ సాల్మన్ ఏదీ అని. మన నదుల్లో సాల్మన్ లేదు. (హోటళ్ళలో, చేపల మార్కెట్లో "ఇండియన్ సాల్మన్" అని అమ్మే రావస్‌కీ అసలు సాల్మన్‌కీ చుట్టరికం లేదు. రంగు, రుచి చూసి ఎవరో తగిలించిన పేరు.) వెతగ్గా వెతగ్గా వాళ్ళకి మహశీర్ దొరికింది. కొండ నదుల్లో, రాళ్ళ మధ్య వేగంగా పారే నీళ్ళలో బతికే పెద్ద పొలుసుల చేప. బంధుత్వం చూస్తే మన బొచ్చె, రవ్వలకి దగ్గరిది. గుణం చూస్తే సాల్మన్‌కి అన్న.

హెన్రీ సలివన్ థామస్ అని మద్రాసు సివిల్ సర్వీసు అధికారి, దక్షిణ కెనరాలో కలెక్టరుగా చేసినాయన, 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" అని పుస్తకం వేశాడు. మహశీర్ ముందు సాల్మన్ బలాదూరు అని వాదించిన మనిషి. మహశీర్ తగిలిన మొదటి క్షణంలో ఒక పరుగు పెడుతుంది, ఆ పరుగుని తట్టుకుంటే మిగతాది నడిపించుకోవచ్చు అన్నది ఆ కాలపు గాలంగాళ్ళ అనుభవసారం. దాని దవడ బలానికి గాలాలు వంగిపోయేవి. 1946లో మైసూరు దగ్గర వాన్ ఇంగెన్ కుటుంబంలో ఒకాయన 120 పౌన్ల మహశీర్‌ని, అంటే దాదాపు 54 కిలోలది, గాలంతో పట్టాడు. ఈ జాతికి అదే ఇప్పటికీ చెప్పుకునే రికార్డు. అదే థామస్ 1887లో చెరువుల్లో గాలం వెయ్యటం మీద ఇంకో పుస్తకం రాశాడు. కొండ నదిలేని మైదానం ఊళ్ళలో ఇరుక్కుపోయిన ఉద్యోగులు ఆదివారాలు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి జవాబన్నమాట. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య వీకెండ్ గడిపే మనలాంటివాళ్ళకి అది బాగా అర్థమయ్యే కష్టం.

కృష్ణ కుటుంబానికీ సొంత మహశీర్ ఉంది. పుణె దగ్గర ములా-ముఠా నదిలో దొరికిన చేపని చూసి సైక్స్ అనే ఆయన 1839లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ నీళ్ళు భీమలోకి, అక్కణ్ణించి కృష్ణలోకి వస్తాయి. అంటే మా ఇంటి ముందు హైవే పట్టుకుని విజయవాడ దాకా వెళ్తే కనపడే నది చేపే అది, కాకపోతే ఎగువన పుట్టిల్లు.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. థామస్ కాలంలో మన చేతిలో ఉన్నలాంటి రీలు లేదు. పట్టు దారం, పట్టుపురుగు పేగుతో చేసిన చివరి ముక్క, ఒక గుండ్రటి చక్రం. చేప పరిగెత్తితే చక్రాన్ని వేళ్ళతో ఒత్తి ఆపాలి. వేళ్ళు కాలేవి, దారం తెగేది. 1905లో బ్రాడ్‌ఫర్డ్‌లో ఇలింగ్‌వర్త్ అనే నూలు మిల్లు ఆసామి, మిల్లులో కండె నుంచి దారం జారే పద్ధతి చూసి, కదలకుండా నిలబడే స్పూలున్న రీలుకి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మనం స్పిన్నింగ్ రీలు అంటున్నది దాని మనవడే. 1930ల చివర్లో నైలాన్ వచ్చింది, మనం తంగూసు అంటామే, అది. వేళ్ళు చేసే పనిని డ్రాగ్ అనే బిళ్ళల బ్రేకు తీసుకుంది. ఇంత జరిగినా చేప మాత్రం అదే చేప. మారింది మన చేతిలో ఉన్నదే. కాబట్టి సలహాల సారం కూడా నూటయాభై ఏళ్ళుగా పెద్దగా మారలేదు. ఇవిగో.

నీళ్ళ దగ్గరికి వెళ్ళకముందే డ్రాగ్ సరిచూసుకోండి. మీ తంగూసు ఎంత బరువుకి తెగుతుందో డబ్బా మీద రాసి ఉంటుంది. అందులో పావు వంతు నుంచి మూడో వంతు బలానికి దారం జారేలా డ్రాగ్ పెట్టండి. చిన్న స్ప్రింగు త్రాసు కట్టి లాగి చూస్తే తెలిసిపోతుంది. చేప తగిలాక డ్రాగ్‌తో కుస్తీ పట్టటం అంటే ప్రొడక్షన్‌లో కోడ్ మార్చటమే. ముడి వేసేటప్పుడు తడి చేసి బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. తెగేది ఎప్పుడూ ముడి దగ్గరే.

చేప తగిలిందా, మొదటి పరుగుని ఆపొద్దు. మనోళ్ళు ఎక్కువ చేపలు పోగొట్టుకునేది ఇక్కడే. రీలు కుయ్‌మని అరుస్తుంటే భయపడి హ్యాండిల్ తిప్పేస్తారు. దారం బయటికి పోతున్నప్పుడు తిప్పితే తంగూసు మెలికలు పడటం తప్ప ఒరిగేదేం లేదు. రాడ్ కొసని పైకి పట్టుకోండి, మరీ నిట్టనిలువుగా వద్దు. వంగిన రాడ్డే మీ షాక్ అబ్జార్బరు. చేప ఆగినప్పుడు మీ వంతు.

మీ వంతు వచ్చాక రీలుతో లాగకండి, రాడ్‌తో లాగండి. నెమ్మదిగా రాడ్ ఎత్తండి, దించుతూ దారం చుట్టండి, మళ్ళీ ఎత్తండి. దించేటప్పుడు కూడా దారం వదులు కాకూడదు. వదులైన దారమంటే గాలం ఊడటానికి తలుపు తెరిచినట్టే.

చేప పైకెగిరితే రాడ్ కొసని దాని వైపు ఒక్క క్షణం దించండి. గాల్లో ఉన్న చేప బరువు మొత్తం బిగుతైన దారం మీద పడితే తెగుతుంది. సాల్మన్‌లో కోహో ఈ విన్యాసాలు బాగా చేస్తుంది.

పెద్ద చేపని పైకి లాగటం కన్నా పక్కకి లాగటం మేలు. రాడ్‌ని నీటికి సమాంతరంగా వంచి పక్కకి లాగితే చేప తల తిరుగుతుంది. తల ఎటు తిరిగితే ఒళ్ళు అటే. అది కుడికి పోతుంటే మీరు ఎడమకి, ఎడమకి పోతుంటే కుడికి. ఇంకోటి, చేపకి ఎగువన నిలబడి లాగితే మీరు చేపతో పాటు ప్రవాహాన్ని కూడా లాగుతున్నట్టు. ఒడ్డు వెంట నడిచి చేపకి ఎదురుగానో, కొంచెం దిగువకో రండి. అప్పుడు ప్రవాహం చేపకి బరువవుతుంది, మీకు కాదు.

ఇక చివరి రెండు మీటర్లు. వలగుత్తిని చూడగానే చేప ఇంకోసారి పరిగెడుతుంది. ప్రతిసారీ. అందుకే దగ్గరికొచ్చాక దారం మరీ పొట్టిగా చుట్టెయ్యకండి, రాడ్ పొడవంతైనా బయట ఉంచండి. వలని ముందే నీళ్ళలో ముంచి కదలకుండా పట్టుకోండి, చేపని తల ముందుగా దాని మీదకి తీసుకురండి, అప్పుడు ఎత్తండి. వలతో చేప వెంట పడితే దారానికి తగిలి చేప పోవటం ఖాయం. వల లేకపోతే వాలుగా ఉన్న ఇసుక ఒడ్డు చూసుకుని, చేప తనంతట తాను కొట్టుకుంటూ ముందుకొచ్చే ప్రతి కదలికతో వెనక్కి నడవండి. దారం పట్టుకుని గాల్లోకి మాత్రం ఎత్తొద్దు.

వదిలెయ్యాల్సిన చేపైతే చేతులు తడిపి పట్టుకోండి. పొడి చేతులకి దాని ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, ఆ జిగురే దానికి కవచం. మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు. ఫొటో కావాలంటే నీళ్ళలో ఉండగానే తీసుకోండి. తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా పట్టుకుంటే ఊపిరి తెచ్చుకుని అదే పోతుంది. తినటానికైతే గిలగిల కొట్టుకునేలా ఒడ్డున పడెయ్యకండి, తల మీద ఒక్క దెబ్బతో ముగించండి. ఆటని సాగదీసి చేపని పూర్తిగా అలసిపోయేలా చేసి వదిలేస్తే, అది ఈదుకుంటూ వెళ్ళి మనకి కనపడని చోట చచ్చిపోవచ్చు. ఒడ్డుకి త్వరగా చేర్చటం నేర్చుకోవటం ఎందుకంటే ఇందుకే. బాగా పట్టటం రానివాడు మంచిగా వదల్లేడు.

ఇక మనుషుల గురించి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యాం గేట్లు ఎత్తారు. అప్పుడు నేను ఇంటర్. టీవీ ముందు కూర్చున్న మా అమ్మ ఆ తర్వాత చాలా రోజులు నన్ను ఎక్కడికీ పంపలేదు. వాళ్ళు చేపలు పట్టటానికి వెళ్ళలేదు నిజమే, కానీ నదిలో రాళ్ళ మీద నిలబడే ప్రతి ఒక్కడికీ అది పాఠం. డ్యాముకి దిగువన ఉన్న నది మీరు చూస్తున్నంత చిన్నది కాదు. నీటి రంగు మారినా, చెత్తా ఆకులూ కొట్టుకొస్తున్నా, పాదం దగ్గర తడి గీత పైకెక్కుతున్నా రాడ్ అక్కడే వదిలేసి ఒడ్డెక్కండి. సాల్మన్ నదుల్లో వేడర్లు తొడుక్కుంటే నడుముకి బెల్టు తప్పనిసరి, పడితే లోపలికి నీళ్ళు నిండకుండా ఉంటాయి. చేప కోసం మోకాలు దాటి దిగొద్దు. ఒంటరిగా వెళ్ళొద్దు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. "మన దగ్గర సాల్మన్ లాంటిది లేదా?" అని చాలామంది అడుగుతారు. ఉంది. పులస. సముద్రంలో విలసగా ఉండి, వరద నీళ్ళు రాగానే గోదావరిలోకి ఎదురీది గుడ్లు పెట్టటానికి వచ్చే చేప. పుస్తెలమ్మైనా తినాలని సామెత పుట్టించిన చేప. సముద్రం నుంచి నదికి రావటంలో సాల్మన్‌కి అచ్చంగా జోడీ. కానీ రెండు తేడాలున్నాయి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, పులస తిరిగి సముద్రానికి పోతుంది. రెండోది మన ఆటకి సంబంధించింది. సాల్మన్ నదిలోకి వచ్చాక తిండి మానేస్తుంది, అయినా కోపానికో చిరాకుకో ఎదురుగా వచ్చిన గాలాన్ని కరుస్తుంది. పులస తినేది నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని. అందుకని దాన్ని గాలంతో పట్టటం మాట మర్చిపోండి, జాలరి వలకి పడాల్సిందే. గోదావరి గట్టున రాడ్ పట్టుకుని పులస కోసం నిలబడితే ఊళ్ళో పిల్లలకి మంచి కాలక్షేపం.

ఈ పులస కథలో మనందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కట్టించింది ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి, అది న్యాయమే. కరువుతో ఖాళీ అవుతున్న డెల్టాకి అన్నం పెట్టిన గోడ అది. 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట పడింది. కానీ ఆ గోడలు నీళ్ళతో పాటు చేపల్నీ ఆపాయి. ఎదురీదొచ్చిన చేపలు గోడ కింద గుంపులుగా ఆగిపోతే పట్టుకునేవాడికి పండగే, చేపకి మాత్రం అక్కడితో దారి మూసుకుపోయినట్టు.

చాలామందికి తెలియనిది ఏంటంటే, ఈ విషయం ఎత్తి చూపినవాళ్ళలో స్వయంగా కాటన్ కూడా ఉన్నాడు. నదులకి అడ్డంగా కట్టిన ఆనకట్టలు గుడ్లు పెట్టే చేపల్ని అడ్డుకుని తీరప్రాంతపు చేపలవేటని దెబ్బతీస్తున్నాయేమో చూడమని 1867లో లండన్‌లోని ఇండియా మంత్రికి రాశాడు. దాని ఫలితంగానే ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడికి విచారణ అప్పజెప్పారు. ఆయన 1873లో మంచినీటి చేపల మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. తర్వాత భారతదేశపు చేపల మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ ప్రామాణికం. ఆ నివేదికలో ఆనకట్టల గురించి ఉంది. దాంతో పాటు సన్న కళ్ళ వలలతో చేపపిల్లల్ని ఊడ్చేస్తున్న ఊళ్ళ జనం మీద ఫిర్యాదు కూడా దండిగా ఉంది. థామస్ కూడా అదే పాట పాడాడు. ఆ వాదనలన్నీ నడిచి నడిచి 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్ళలో విషం కలపటం, డైనమైట్ పేల్చటం నేరమయ్యాయి. మంచి చట్టమే, ఎవరూ కాదనరు. కానీ ఆనకట్టలు అలాగే ఉన్నాయి. వల కళ్ళ కొలత అడిగినంత తేలిగ్గా గోడని ఎవరూ ప్రశ్నించలేదు. నేను కాటన్‌ని తప్పు పట్టట్లేదు, మా ఇంట్లో అన్నం కూడా ఆ డెల్టా బియ్యమే. అడగాల్సిన ప్రశ్నని కట్టినవాడే అడిగాడని, ఆ ప్రశ్న నూటయాభై ఏళ్ళు దాటినా మన దగ్గర అలాగే ఉందని మాత్రం చెప్తున్నాను.

అదే సమయంలో అమెరికా పడమటి తీరంలో ఏం జరిగిందో చూడండి. ధవళేశ్వరం పూర్తయిన రెండేళ్ళకి, 1854-55లో, ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆదివాసీ తెగలు తమ భూముల్ని అప్పగిస్తూ ఒప్పందాలు రాసుకున్నాయి. భూమి పోయినా తమ పాత చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం అట్టిపెట్టుకున్నాయి. తర్వాత వందేళ్ళకి ఆ హక్కు కాగితం మీదే మిగిలింది. సాల్మన్ తగ్గిపోతోందంటే, అక్కడ కూడా నింద ఆదివాసీల వలల మీదే పడింది. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని తన సొంత నదిలో చేపలు పట్టినందుకు 1945లో, పద్నాలుగేళ్ళ వయసులో, మొదటిసారి అరెస్టు చేశారు. ఆ తర్వాత యాభైకి పైగా అరెస్టులు. చివరికి 1974లో జార్జ్ బోల్ట్ అనే జడ్జి, ఒప్పందం ప్రకారం పట్టదగిన సాల్మన్‌లో సగం ఆ తెగలదేనని తీర్పిచ్చాడు. అక్కడ గోడల్ని కూడా ప్రశ్నించారు. 2011 నుంచి 2014 దాకా ఎల్వా నది మీద రెండు డ్యాములు తీసేశారు. 2024లో క్లామత్ నది మీద నాలుగు డ్యాములు తీసెయ్యటం పూర్తయితే, అదే ఏడాది ఆకురాలు కాలంలో సాల్మన్ ఆ పైకి ఈదుకుంటూ వచ్చేసింది.

రెడ్మండ్‌లో, బాతెల్‌లో కూర్చున్న మిత్రులారా, మీ చేతిలో ఉన్న లైసెన్సు, పట్టిన ప్రతి చేపనీ రాసుకోవాల్సిన కార్డు, ముల్లు లేని గాలాల నిబంధన, వెనక చిన్న రెక్క కత్తిరించి ఉన్న హేచరీ చేపని మాత్రమే ఉంచుకుని అడవి చేపని వదిలెయ్యమనే రూలు, ఇవన్నీ ఆ గొడవల్లోంచి వచ్చినవే. రూళ్ళు నదికొకలా, ఒక్కోసారి వారానికొకలా మారుతుంటాయి, బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి. చిన్న చిట్కా కూడా చెప్తా. కొత్తవాళ్ళు బేసి సంవత్సరం కోసం చూడండి, అక్కడి పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లోనే పెద్ద సంఖ్యలో వస్తుంది. చిన్న చేప, తేలిగ్గా తగుల్తుంది, పైన చెప్పినవన్నీ నేర్చుకోవటానికి అంతకన్నా మంచి గురువు లేదు. పక్కన ఆదివాసీల వల కనపడితే మొహం చిట్లించకండి. ఆ నదికి మీరు అతిథులు.

ఇక ఇక్కడున్న మనం. వీకెండ్ రాగానే అయిదారు వేల రాడ్లు కారులో వేసుకుని చెరువుల మీద పడే కుర్రాళ్ళు హైదరాబాదు చుట్టూ బాగానే ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. మనం మర్చిపోయేది ఏంటంటే, తెలంగాణలో ఊరి చెరువు అంటే ఖాళీగా పడున్న నీళ్ళు కావు. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల మత్స్య సహకార సంఘాలు వాటి మీద హక్కు తీసుకుంటాయి, పిల్లల్ని వదుల్తాయి, పెంచుకుంటాయి. 2016 నుంచి ప్రభుత్వం కూడా చేపపిల్లల్ని ఉచితంగా ఇవ్వటం మొదలుపెట్టింది. ఆ చెరువులో బొచ్చె మన గాలానికి పడితే మనకది వినోదం, వాళ్ళకది అమ్ముకోవాల్సిన కిలోన్నర. ఒకసారి చెరువు గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను, "కాకా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా?" అని. "ఏసుకో బిడ్డా, అడిగినవు గదా. అడగకుండ ఏసేటోళ్ళతోనే మా పంచాది" అన్నాడు. అంతే. సంఘం వాళ్ళని అడగండి, డబ్బు కట్టమంటే కట్టండి, వద్దంటే వచ్చెయ్యండి.

కొర్రమీను సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన రాష్ట్ర చేప, గాలంగాళ్ళకి ప్రాణం. అది పైకొచ్చి గాలి పీల్చే చేప, అందుకే ఒక్కోసారి ఎక్కడుందో తెలిసిపోతుంది. వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రటి పిల్లల ముద్ద ఒకటి కదులుతూ కనపడుతుంది. దాని కిందే తల్లిదండ్రులుంటాయి, కాపలాగా. ఆ ముద్ద మధ్యలో ఎర వేస్తే తండ్రో తల్లో కోపంతో కరుస్తుంది, పట్టటం చాలా తేలిక. ఆ ఒక్క చేప తీసేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకి మేత. అలా పట్టి ఫొటో పెట్టేవాళ్ళకి లైకు కొట్టకండి. మూసీ విషయానికొస్తే, ప్రతాపసింగారం దగ్గర నురగ చూసినవాడెవడూ అందులో గాలం వెయ్యడు. సరూర్‌నగర్ చెరువుదీ అదే మాట. వినోదానికి కూడా శుభ్రమైన నీళ్ళు కావాలి మరి, అది ఏ రాజుగారికైనా.

తెగిన తంగూసు ముక్కల్ని ఒడ్డున వదిలెయ్యొద్దు. కొంగల కాళ్ళకి, పశువుల నోళ్ళకి చుట్టుకుంటుంది. జేబులో చుట్టి ఇంటికి తెచ్చి చెత్తలో వెయ్యండి.

మొత్తం మీద నేను చెప్పేది ఇదీ. సోమేశ్వరుడికీ, థామస్‌కీ, మనకీ ఒకటే పోలిక. ముగ్గురం కడుపు నిండాక నీళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళం. తప్పేం లేదు, ఆ ఆటలో ఉన్న సుఖం తెలిసినవాడికే తెలుస్తుంది. కానీ కడుపు నిండినవాడి చేతిలో ఉన్న పుస్తకం, చట్టం, కెమెరా వలవేసుకునేవాడి చేతిలో ఉండవు. చేపలు తగ్గినప్పుడు ఎవరి వైపు వేలు చూపించాలో రాసేది మనమే. రాసే ముందు ఒకసారి ఎగువకి, గోడ వైపు కూడా చూద్దాం. ఈలోపు డ్రాగ్ సరిచూసుకోండి, చేతులు తడుపుకోండి, చెరువు ఎవరిదో కనుక్కోండి.